ఈఎల్84 టెస్టు చేస్తుంటే ఒకదానిలో కరెంటు ఎక్కుతూ పోతోంది, ఇంకోదానిలో చెయ్యి దగ్గర పెడితే రీడింగు మారుతోంది: లోపం వాల్వుదా, టెస్టర్‌దా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. సొంతంగా కట్టుకున్న జిగ్‌లో (టెస్టు సర్క్యూట్‌లో) నాలుగు ఈఎల్84లు (ఆడియో ఆంప్లిఫయర్లలో వాడే వాక్యూమ్ ట్యూబులు, అంటే వాల్వులు) పెట్టి చూశారు. ప్లేటుకు, స్క్రీనుకు 250 వోల్టులు, గ్రిడ్‌కు మైనస్ 7.3 వోల్టులు, బయాస్ పాట్ నుంచి గ్రిడ్ దాకా 470 కె (కిలో ఓమ్‌ల) రెసిస్టరు. (వేడెక్కిన క్యాథోడ్ వదిలే ఎలక్ట్రాన్లు ప్లేటుకు చేరతాయి, ఆ ప్రవాహాన్ని అదుపు చేసేది గ్రిడ్, దానికి ఇచ్చే నెగెటివ్ వోల్టేజే బయాస్. స్క్రీను అంటే గ్రిడ్‌కూ ప్లేటుకూ మధ్య ఉండే రెండో గ్రిడ్.) రెండు వాల్వులు 45-48 మిల్లీఆంపుల దగ్గర కుదురుగా నిలిచాయి. మూడోది 46తో మొదలై పది నిమిషాల్లో 63కు ఎక్కింది, భయపడి ఆపేశారు. నాలుగోది 39కీ 52కీ మధ్య గెంతుతోంది, గాజు దగ్గరికి చెయ్యి తెస్తే చాలు మారిపోతోంది. వీటినే స్నేహితుడి యూట్రేసర్‌లో (వాల్వుల కర్వులు గీసే టెస్టర్‌లో) పెడితే నాలుగూ బాగున్నాయని చూపించింది. ఇప్పుడు ఏది నమ్మాలి?

సూటిగా చెబుతాను. మూడో వాల్వులో గ్రిడ్ కరెంటు (గ్రిడ్‌లో పారకూడని కరెంటు) ఉంది, దాన్ని మీ 470 కె రెసిస్టరు పెద్దది చేసి చూపిస్తోంది. నాలుగో వాల్వు మీ జిగ్‌లో ఆసిలేట్ అవుతోంది, అంటే తనంతట తానే హై ఫ్రీక్వెన్సీ సిగ్నల్ పుట్టిస్తోంది. ఆ లోపం వైరింగుది, వాల్వుది కాదు. యూట్రేసర్ అబద్ధం చెప్పలేదు, కాకపోతే మీరు అడిగిన ప్రశ్న దాన్ని అడగలేదు. ఇవి ఊహలే కదా అంటారేమో, రెండింటినీ ఒక సాయంత్రంలో తేల్చుకోవచ్చు. ఎలాగో కింద రాస్తున్నాను.

ముందు జిగ్ సంగతి

వాల్వును అనుమానించే ముందు నాలుగో వాల్వు ఉన్న సాకెట్‌లోనే మొదటిది పెట్టి చూడండి. మీ జిగ్‌లో ఒకే సాకెట్ ఉంటే వరస మార్చి చూడండి: ముందు వేడెక్కిన నాలుగోది, వెంటనే మొదటిది, మళ్లీ నాలుగోది. వింత వాల్వు వెంట వెళ్తోందా, సాకెట్ దగ్గరే ఉండిపోతోందా అన్నది మొదట తెలియాలి. చాలామంది ఈ పని చెయ్యకుండానే వాల్వు మీద ఎర్ర గీత గీసేస్తారు.

తర్వాత హీటర్ వోల్టేజి. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర కాదు, సాకెట్ 4, 5 పిన్నుల మీదే, వాల్వు వెలుగుతుండగా కొలవాలి. ఈఎల్84 హీటరు 6.3 వోల్టుల దగ్గర 0.76 ఆంపులు లాగుతుంది. సాకెట్ కాంటాక్టు వదులై అర ఓమ్ నిరోధం వచ్చినా దాదాపు 0.4 వోల్టు అక్కడే పోతుంది. మన ఊళ్లలో సాయంత్రం మెయిన్స్ 210 వోల్టులకు పడి, రాత్రి పది దాటాక 245కు లేస్తుంది. మీ హెచ్‌టీ (ప్లేటుకు, స్క్రీనుకు ఇచ్చే 250 వోల్టుల సప్లై) రెగ్యులేటెడ్ అయినా హీటర్ వైండింగు రెగ్యులేటెడ్ కాదు కాబట్టి పొద్దున ఒక రీడింగు, రాత్రి ఇంకో రీడింగు వస్తాయి. పిన్నుల మీద 6.2-6.4 మధ్య ఉంచుకుని ఆ పైన మాట్లాడుకోవాలి.

జిగ్‌లో హెచ్‌టీ కెపాసిటర్ల మీద 100 కె, 2 వాట్ల బ్లీడర్ (ఆపాక కెపాసిటర్లను ఖాళీ చేసే రెసిస్టరు) లేకపోతే వెంటనే పెట్టండి. హెచ్‌టీ లైన్‌లో 100 మిల్లీఆంపుల ఫ్యూజు కూడా. కరెంటు ఎక్కుతూ పోయే వాల్వుతో ప్రయోగాలు చేస్తున్నప్పుడు ఈ రెండూ లేకుండా కూర్చోవద్దు.

నాలుగో వాల్వు: ఆసిలేషన్

ఈఎల్84 జీఎం (గ్రిడ్ ఒక వోల్టు మారితే ప్లేట్ కరెంటు ఎంత మారుతుందో చెప్పే అంకె) వోల్టుకు 11.3 మిల్లీఆంపులు. ఆడియో వాల్వు అని పేరే గానీ ఇంత జీఎం ఉన్నది రేడియో ఫ్రీక్వెన్సీలో కూడా చక్కగా పని చేస్తుంది. గ్రిడ్‌కు పది సెంటీమీటర్ల వైరు, ప్లేటుకు ఇంకో పది సెంటీమీటర్ల వైరు ఇచ్చామంటే పదుల మెగాహెర్ట్జ్‌లలో, ఒక్కోసారి వంద దాటి, తనకు తానే ఆసిలేటర్ అయిపోతుంది. టెస్టర్లలో వైర్లు సెలెక్టర్ స్విచ్చుల గుండా తిరిగి వస్తాయి కాబట్టి ఈ జబ్బు వాటికే ఎక్కువ. ఈసీసీ88 లాంటి, వోల్టుకు 12.5 మిల్లీఆంపులు ఇచ్చేవి మరీ పేచీ పెడతాయి. ఈసీసీ83 మాత్రం వోల్టుకు 1.6 మిల్లీఆంపులే, అది సాధారణంగా బుద్ధిగా కూర్చుంటుంది.

గుర్తులు ఇవి: చెయ్యి దగ్గరికి తెచ్చినా, మీటరు తీగ కదిపినా రీడింగు మారడం, బయాస్ పాట్ నెమ్మదిగా తిప్పుతుంటే కరెంటు సాఫీగా కాక ఒక చోట టక్కున గెంతడం, స్క్రీన్ కరెంటు 5.5 మిల్లీఆంపుల దగ్గర ఉండాల్సింది రెట్టింపు కావడం. జీఎం లెక్క వేస్తే నమ్మలేనంత ఎక్కువో తక్కువో రావడం. మీరు రాసిన గెంతులు సరిగ్గా ఈ కోవలోవే.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఆసిలేట్ అయ్యేది తరచుగా ఆరోగ్యంగా ఉన్న వాల్వే. ఎమిషన్ (క్యాథోడ్ ఎలక్ట్రాన్లు వదిలే శక్తి) తగ్గి నీరసించిన వాల్వుకు ఆసిలేట్ అయ్యేంత గెయిన్ ఉండదు. అందుకే వైరింగు బాగుచేశాక మీ నాలుగింట్లో అన్నిటికంటే గట్టిది అదే అని తేలినా నేను ఆశ్చర్యపోను.

నిర్ధారణకు స్కోపు (ఆసిలోస్కోపు) ఉంటే ప్రోబ్‌ను ఎక్కడా తగిలించకుండా, గ్రౌండ్ క్లిప్‌ను ప్రోబ్ మొనకే తగిలించి చిన్న లూపులా చేసి గాజు పక్కన పట్టుకోండి. అయితే 20 మెగాహెర్ట్జ్ స్కోపు మీద ఏమీ కనబడకపోతే ఆసిలేషన్ లేదని అర్థం కాదు. అది ఆ స్కోపుకు అందనంత పైన ఉండొచ్చు. స్కోపు లేకపోతే ఎఫ్ఎం రేడియో దగ్గర పెట్టి డయల్ తిప్పి చూడండి, వాల్వు ఆన్ చేసినప్పుడు ఎక్కడో ఒక చోట హిస్ ఆగిపోవడమో కొత్త గోల మొదలవడమో జరగవచ్చు. రెండూ లేకపోయినా పర్వాలేదు, కింది మందు వేస్తే జబ్బు పోయిందంటే అదే జబ్బు.

మందు: 2వ పిన్ను (గ్రిడ్) మీద 1 కె, కార్బన్ లేదా మెటల్ ఫిల్మ్ రెసిస్టరు. దాని కాలు పిన్ను వైపు 3-4 మిల్లీమీటర్లకు కత్తిరించి పిన్నుకే సోల్డర్ చెయ్యాలి. ఇదే రెసిస్టరును ఐదు సెంటీమీటర్ల దూరంలో బోర్డు మీద పెడితే ఫలితం ఉండదు, ఎందుకంటే ఆ మధ్య ఉన్న వైరే కదా కాయిల్‌లా పనిచేసేది. వైర్‌వౌండ్ రెసిస్టరు అసలు వాడకండి, అది స్వయంగా కాయిలే. 9వ పిన్ను (స్క్రీన్) మీద 100 ఓమ్‌లు, 7వ పిన్ను (ప్లేట్) మీద 47 ఓమ్‌లు లేదా ఫెరైట్ బీడ్. స్క్రీన్ రెసిస్టరుకు హెచ్‌టీ వైపు నుంచి క్యాథోడ్ గ్రౌండుకు 10 నానోఫారడ్, 1 కిలోవోల్టు సిరామిక్ డిస్క్ కెపాసిటరు, సాకెట్ పక్కనే. ఇవేవీ మీ కొలతను పాడుచెయ్యవు: స్క్రీన్ దగ్గర పోయేది 0.55 వోల్టు, ప్లేటు దగ్గర సుమారు 2.3 వోల్టులు, గ్రిడ్‌లో మామూలుగా కరెంటే ఉండదు కాబట్టి అక్కడ ఏమీ పోదు. ఇవన్నీ హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీ లాంటి ఏ స్పేర్ పార్టుల బజారులో అయినా దొరికే సామాన్లే.

మూడో వాల్వు: గ్రిడ్ కరెంటు

ముందు చిన్న లెక్క. కరెంటు 46 నుంచి 63కు, అంటే 17 మిల్లీఆంపులు పెరిగింది. జీఎం 11 చొప్పున చూస్తే గ్రిడ్ మీద వోల్టేజి సుమారు 1.5 వోల్టులు పాజిటివ్ వైపు జరిగినట్టు. ఆ 1.5 వోల్టులు 470 కె మీద రావాలంటే అందులో 3 మైక్రోఆంపుల పైచిలుకు పారాలి. చూడ్డానికి ఎంత చిన్న కరెంటో! కానీ 63 మిల్లీఆంపుల దగ్గర ప్లేటు 15.7 వాట్లు కాలుస్తోంది; ఈఎల్84 ప్లేటు హద్దు 12 వాట్లు. వేడి పెరిగితే గ్రిడ్ కరెంటు ఇంకా పెరుగుతుంది, అది ప్లేట్ కరెంటును ఇంకా పెంచుతుంది. మీరు ఆపకపోతే ప్లేటు ఎర్రగా కాలేది. ఆపి మంచి పని చేశారు.

ఇందులో మీ జిగ్ వాటా కూడా ఉంది. డేటాషీటు ఫిక్స్‌డ్ బయాస్‌తో (బయాస్ వేరే సప్లై నుంచి ఇచ్చి) వాడినప్పుడు గ్రిడ్ సర్క్యూట్ నిరోధం 300 కె దాటకూడదంటుంది. క్యాథోడ్ బయాస్ (క్యాథోడ్ కింద పెట్టిన రెసిస్టరు వల్ల వచ్చే బయాస్) అయితే 1 మెగ్ (మెగా ఓమ్) దాకా ఒప్పుకుంటుంది. మీది ఫిక్స్‌డ్ బయాస్, పైగా 470 కె. రెండు వాల్వులు దానికీ తట్టుకుని నిలిచాయంటే అవి నిజంగా మంచివి.

ఇప్పుడు ఈ గ్రిడ్ కరెంటు ఎక్కడి నుంచి వస్తోందో తేల్చాలి. దొంగలు ముగ్గురు: లోపల కొంచెం గాలి చేరి ఉండడం (గ్యాస్), గ్రిడ్ తానే ఎలక్ట్రాన్లు వదలడం (గ్రిడ్ ఎమిషన్), ఇన్సులేషన్ లీకేజీ. మూడింటికీ ప్లేట్ కరెంటు పెరగడమే బయటికి కనిపించే లక్షణం. ముగ్గురి నడక మాత్రం వేరు.

కొలిచే పద్ధతి ఇది. 470 కె తీసేసి 1 మెగ్ పెట్టండి. బయాస్ సప్లై, తర్వాత 1 మెగ్, తర్వాత పిన్ను మీది 1 కె, తర్వాత గ్రిడ్. ఈ వరసే ఉండాలి. 1 మెగ్‌కు సమాంతరంగా ఒక మామూలు టోగుల్ స్విచ్, దగ్గరగా. స్విచ్ మూస్తే 1 మెగ్ షార్ట్. మూసి ఉంచి, బయాస్‌ను మైనస్ 9 వోల్టుల ప్రాంతానికి తెచ్చి ప్లేట్ కరెంటు 30 మిల్లీఆంపులకు సర్దండి. ఇది 7.5 వాట్లే కాబట్టి కొంచెం పెరిగినా ప్రమాదం లేదు. పది నిమిషాలు కాగనివ్వండి.

ఇప్పుడు స్విచ్ తెరవండి. ప్లేట్ కరెంటు 30 నుంచి ఎక్కితే గ్రిడ్ కరెంటు ఉన్నట్టే. అది ఎంతో తెలుసుకోవడానికి గ్రిడ్ మీద మీటరు పెట్టకండి. మీటరు తీగ యాంటెన్నాలా పని చేసి కొత్త గొడవ తెస్తుంది, పైగా 10 మెగ్ మీటరు 1 మెగ్ మీద పది శాతం దాకా తేడా చూపిస్తుంది. దానికి బదులు బయాస్ పాట్‌ను ఇంకా నెగెటివ్ వైపు తిప్పి ప్లేట్ కరెంటును మళ్లీ 30కే తీసుకురండి. బయాస్ సప్లై మీద మీటరు ముందు మైనస్ 9.0 చూపించి ఇప్పుడు మైనస్ 10.4 చూపిస్తే, ఆ తేడా 1.4 వోల్టులు 1 మెగ్ మీద పడుతున్నదే. అంటే గ్రిడ్ కరెంటు 1.4 మైక్రోఆంపులు. జీఎం ఎంతో తెలియనక్కర్లేదు, ఖరీదైన మీటరూ అక్కర్లేదు. గ్రిడ్ వోల్టేజి రెండు సార్లూ ఒకటే, అందుకే ఈ కొలత అంత నమ్మకమైనది.

స్విచ్ తెరిచినప్పుడు కరెంటు పెరగడానికి బదులు తగ్గితే? మైనస్ 9 వోల్టుల దగ్గర మామూలుగా అలా జరగకూడదు. బయాస్ సున్నాకు దగ్గరగా, మైనస్ 1 వోల్టు లోపల ఉన్నప్పుడైతే క్యాథోడ్ నుంచి ఎలక్ట్రాన్లు నేరుగా గ్రిడ్ మీద పడి దాన్ని నెగెటివ్ చేస్తాయి, అది సహజం. మైనస్ 9 దగ్గర కూడా తగ్గిందంటే ఆసిలేషన్ స్వింగు గ్రిడ్‌ను క్షణక్షణం పాజిటివ్‌లోకి నెడుతోందన్నమాట. మీ నాలుగో వాల్వును వైరింగు మార్చక ముందే ఇలా ఒకసారి చూడండి, స్కోపు లేకుండా దొరికే సాక్ష్యం ఇదే.

ఇక దొంగను పట్టుకోవడం.

లీకేజీ అయితే హీటరు చల్లగా ఉన్నా ఉంటుంది. హీటరు తీసేసి, వాల్వు పూర్తిగా చల్లారాక, హెచ్‌టీ మాత్రం ఇచ్చి, 1 మెగ్ రెండు చివరల మధ్య మీటరు పెట్టండి (ఇప్పుడు ఆసిలేషన్ భయం లేదు, మీటరు పెట్టొచ్చు). అక్కడ వోల్టేజి కనిపిస్తే లీకేజీ. వెంటనే వాల్వు పీకి మళ్లీ చూడండి; వాల్వు లేకుండా కూడా వోల్టేజి ఉంటే నేరం సాకెట్‌ది. ఈఎల్84లో 9వ పిన్ను స్క్రీను, 2వది గ్రిడ్. వాటి మధ్య ఉన్నది 1వ పిన్ను ఒక్కటే. సాకెట్ మీద ఫ్లక్సు మరక, దుమ్ము, పైన కాస్త తేమ చేరితే 250 వోల్టుల నుంచి 100 మెగ్‌ల దారి ఏర్పడినా 2.5 మైక్రోఆంపులు పారతాయి. విశాఖ, కాకినాడ లాంటి తీర ప్రాంతాల్లో వానాకాలం బేకలైట్ సాకెట్లతో ఇది రోజువారీ తలనొప్పి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో బ్రష్ పెట్టి కడిగి, హెయిర్ డ్రయర్‌తో ఆరబెట్టండి. సిరామిక్ సాకెట్ అయితే ఇంకా మంచిది. ఇంకోటి: 1వ, 6వ, 8వ పిన్నులు ఖాళీగా ఉన్నాయి కదా అని వాటిని వేరే వైర్ల జాయింటుకు వాడేస్తుంటారు. అవి లోపల కనెక్షన్లు ఉండగల పిన్నులు, వాటిని తాకకుండా వదిలెయ్యాలి.

చల్లగా ఉన్నప్పుడు ఏమీ లేదంటే మిగిలింది గ్యాస్, గ్రిడ్ ఎమిషన్. వాల్వును 30 మిల్లీఆంపుల దగ్గర పది నిమిషాలు కాచి, గ్రిడ్ కరెంటు కొలిచి, బయాస్‌ను మైనస్ 25 వోల్టులకు లాగి ప్లేట్ కరెంటును పూర్తిగా ఆపేయండి. గ్యాస్ అయితే గ్రిడ్ కరెంటు కూడా ఆ క్షణమే మాయమవుతుంది, ఎందుకంటే అయాన్లు తయారయ్యేదే ప్లేటు వైపు పరిగెత్తే ఎలక్ట్రాన్లు గాలి అణువులను గుద్దినప్పుడు. ఎలక్ట్రాన్లు ఆగితే అయాన్లూ ఆగుతాయి. ప్లేట్ కరెంటును సగం చేస్తే గ్యాస్ కరెంటూ దాదాపు సగమే అవుతుంది. గ్రిడ్ ఎమిషన్ అలా కాదు. అది వేడి మీద ఆధారపడేది కాబట్టి ప్లేట్ కరెంటు ఆగినా కాసేపు అలాగే ఉండి, గ్రిడ్ చల్లారే కొద్దీ పదుల సెకన్లలో మెల్లగా తగ్గుతుంది. ఈ కటాఫ్ దశలో ఆసిలేషన్ ఉండదు కాబట్టి మీటరును 1 మెగ్ మీదే పెట్టి రీడింగు ఎలా దిగుతోందో చూడొచ్చు. దీనికి పాత ముల్లు మీటరు బాగుంటుంది గానీ దాని ఇన్‌పుట్ నిరోధం చాలదు, డిజిటల్‌ది పెట్టి సెకన్లు లెక్కపెట్టుకోండి.

మీ మూడో వాల్వు మొదట 46 చూపించి నిమిషాల మీద ఎక్కింది. అది గ్రిడ్ ఎమిషన్ నడక. గ్యాస్ ఎక్కువగా ఉంటే మొదటి నిమిషంలోనే రీడింగు ఎక్కువగా ఉండేది. ఎందుకొస్తుందంటే, క్యాథోడ్ పూత నుంచి బేరియం ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా ఆవిరై పక్కనే ఉన్న గ్రిడ్ తీగ మీద పేరుకుంటుంది. ఈఎల్84లో గ్రిడ్ క్యాథోడ్‌కు చాలా దగ్గర, అంత జీఎం రావడానికి కారణమే అది. బేరియం పూత పడ్డ తీగ వేడెక్కితే తానూ చిన్న క్యాథోడే. దీన్ని ఆపడానికే మంచి వాల్వుల్లో గ్రిడ్ తీగకు బంగారు పూత ఇస్తారు, గ్రిడ్ కడ్డీలకు వేడి లాగే రేకులు పెడతారు. హీటరును 6.3 నుంచి 6.9 వోల్టులకు పెంచి చూడండి. గ్రిడ్ కరెంటు ఒక్కసారిగా పెరిగితే ఇక సందేహం అక్కర్లేదు. ఆ పరీక్ష రెండు మూడు నిమిషాలే చేసి ఆపండి.

మరి యూట్రేసర్ ఎందుకు పాస్ చేసింది?

అది ఒక మిల్లీసెకను పాటు మాత్రమే హెచ్‌టీ ఇచ్చి, ఆ కాస్తలో కొలిచి, మళ్లీ ఆపేస్తుంది. ఒక కొలతకూ ఇంకో కొలతకూ మధ్య ప్లేటుకు విశ్రాంతి. సగటు వేడి దాదాపు సున్నా. మీ జిగ్‌లో పది నిమిషాలు 12 వాట్లు తింటే గానీ బయటపడని జబ్బు అక్కడ బయటపడే అవకాశమే లేదు. పైగా దాని గ్రిడ్ డ్రైవ్ మీ 470 కెలతో పోలిస్తే చాలా తక్కువ నిరోధం ఉన్నది. 3 మైక్రోఆంపులు పారినా గ్రిడ్ వోల్టేజి కదలదు, ప్లేట్ కరెంటు కదలదు. కర్వులు గీయడానికి, జతలు కుదర్చడానికి అది చక్కటి సాధనం. ఆంప్లిఫయర్‌లో గంట సేపు నిలుస్తుందా అన్నది మాత్రం వేడి మీద నడిపితేనే తెలుస్తుంది. రెండూ ఉంటే ముందు యూట్రేసర్, తర్వాత జిగ్ అని పెట్టుకోండి.

AVO కంపెనీ వాల్వు టెస్టర్లు ప్లేటుకు నేరుగా ఏసీ ఇస్తాయి. హికాక్ కంపెనీ టెస్టర్లు ఫిల్టరు చెయ్యని రెక్టిఫైడ్ వోల్టేజి ఇస్తాయి. అందుకే వాటి సాకెట్లలో మల్టీమీటర్ పెట్టి చార్టులో ఉన్న వోల్టు రావడం లేదని కాలిబ్రేషన్ స్క్రూలు తిప్పేయకండి. హికాక్‌లలో ఉన్న 83 నంబరు పాదరసపు రెక్టిఫయర్‌ను తీసి సిలికాన్ డయోడ్లు పెట్టేవాళ్లున్నారు. 83లో పడే వోల్టేజి దాదాపు 15, కరెంటు మారినా పెద్దగా మారదు. డయోడ్లలో అది పడదు కాబట్టి రీడింగులన్నీ పైకి పోతాయి. అలాంటి టెస్టర్‌లో అన్ని వాల్వులూ కొత్తవాటిలా కనబడుతుంటే సంతోషించకండి.

జీఎం అంకెల గురించి కూడా ఒక మాట. ఈసీసీ83 250 వోల్టులు, మైనస్ 2 వోల్టుల దగ్గర 1.2 మిల్లీఆంపులు తీసుకుని వోల్టుకు 1.6 ఇస్తుంది. అదే వాల్వు 100 వోల్టులు, మైనస్ 1 వోల్టు దగ్గర 0.5 మిల్లీఆంపులతో 1.25 ఇస్తుంది. రెండూ డేటాషీటు అంకెలే. ఏ వోల్టేజి దగ్గర కొలిచారో చెప్పకుండా అమ్మేవాడు ఇచ్చే జీఎంకు విలువ లేదు. జంట ట్రయోడులో (ఈసీసీ83లా ఒకే గాజులో రెండు వాల్వులు ఉన్నదానిలో) రెండు భాగాలకూ మధ్య పది పదిహేను శాతం తేడా ఉంటే దాన్ని లోపమనుకోకండి.

ఆ మూడో వాల్వును ఏం చెయ్యాలి?

గ్యాస్ కొద్దిగా ఉంటే ఆశ ఉంది. ఏళ్ల తరబడి డబ్బాలో ఉన్న పాత స్టాకు, ముఖ్యంగా బెంగళూరు బీఈఎల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) తయారు చేసిన కాలం నాటివి రేడియో మెకానిక్కుల దగ్గర మన దగ్గర ఇంకా దొరుకుతుంటాయి. అలాంటివాటికి ముందు హీటరు మాత్రమే ఇచ్చి కొన్ని గంటలు, తర్వాత గ్రిడ్ నిరోధం 47 కె పెట్టి 6-7 వాట్ల దగ్గర ఇంకొన్ని గంటలు నడిపితే గ్రిడ్ కరెంటు తగ్గడం మామూలే. మొదట్లో 35 చూపించి గంట తర్వాత 44కు వచ్చి అక్కడే నిలిచే వాల్వులు కూడా ఇలాంటివే, నిద్ర లేస్తున్నాయంతే. ఎక్కి నిలిచిందా, ఎక్కుతూనే ఉందా అన్నదే తేడా. మొదటి ఐదు నిమిషాల్లో ఐదు శాతం అటూ ఇటూ కదలడం ఏ వాల్వుకైనా ఉంటుంది.

గ్రిడ్ ఎమిషన్‌కు మాత్రం ఇంట్లో చెయ్యగలిగిన వైద్యం లేదు. హీటరు పెంచి కాల్చి బాగుచేస్తామనే చిట్కాలు చాలా తిరుగుతుంటాయి, అవి బేరియాన్ని ఇంకా ఆవిరి చేసి జబ్బు పెంచుతాయి. నేను పాటించే హద్దులు ఇవి: ఈఎల్84లో పది నిమిషాల తర్వాత అర మైక్రోఆంపు లోపు ఉంటే ఎక్కడైనా వాడొచ్చు. ఒకటి, రెండు మైక్రోఆంపుల మధ్య ఉంటే క్యాథోడ్ బయాస్ ఉన్న చోట, గ్రిడ్ లీక్ (గ్రిడ్ నుంచి గ్రౌండుకు ఉండే రెసిస్టరు) 220 కె లేదా తక్కువ ఉంటేనే. సింగిల్ ఎండెడ్‌లో (ఒకే అవుట్‌పుట్ వాల్వు ఉన్న ఆంప్లిఫయర్‌లో) మామూలుగా వాడే 135 ఓమ్‌ల క్యాథోడ్ రెసిస్టరు కరెంటు పెరిగినప్పుడల్లా బయాస్‌ను కూడా పెంచి కొంతవరకు అడ్డుకట్ట వేస్తుంది. మూడు దాటితే పక్కన పెట్టడమే. మీది 470 కె మీద మూడు పైన చూపించింది, కాకపోతే అది 63 మిల్లీఆంపుల వేడిలో. 30 మిల్లీఆంపుల దగ్గర మళ్లీ కొలిచాకే తీర్పు చెప్పండి.

ఆంప్లిఫయర్‌లో ఇదే లక్షణం కనబడితే వాల్వు కంటే ముందు కప్లింగ్ కెపాసిటరును అనుమానించండి. ముందు స్టేజి ప్లేటు నుంచి డీసీ కారినా గ్రిడ్ ఇలాగే పాజిటివ్ వైపు జరుగుతుంది. వాల్వు పీకేసి గ్రిడ్ పిన్ను మీద మీటరు పెడితే తెలిసిపోతుంది.

మిగతా వింతలు, గబగబా

గాజు లోపలి గోడ మీద, ప్లేటు కిటికీల ఎదురుగా ముదురు నీలం వెలుగు కనబడుతోందని అడిగారు. దాని గురించి బెంగ వద్దు. దారి తప్పిన ఎలక్ట్రాన్లు గాజును తాకినప్పుడు వచ్చే మెరుపది, అయస్కాంతం దగ్గరికి తెస్తే జరుగుతుంది. క్యాథోడ్‌కూ ప్లేటుకూ మధ్య ఖాళీలో ఊదా-గులాబీ పొగలా కమ్మితే అది గ్యాస్. పైన వెండి అద్దంలా ఉండాల్సిన గెటర్ (లోపల మిగిలిన గాలిని పీల్చే పూత) పాలలా తెల్లబడితే గాలి పూర్తిగా లోపలికి పోయింది, హెచ్‌టీ కూడా ఇవ్వకండి.

ఆన్ చేసిన క్షణం కొన్ని యూరప్ ఈసీసీ83లు కింద ఒక చోట భగ్గున మెరుస్తాయి. హీటర్ తీగలో పూత లేని కొస ముందుగా వేడెక్కడమే కారణం. చల్లటి హీటర్ నిరోధం వేడి దానిలో ఆరేడో వంతే ఉంటుంది కాబట్టి మొదటి కరెంటు అంత గట్టిగా ఉంటుంది.

షార్ట్ టెస్టులో నియాన్ దీపం స్విచ్ తిప్పిన క్షణం ఒక్కసారి మిణుకుమంటే అది కెపాసిటర్ చార్జి. నిలకడగా వెలిగితే ముందు పిన్ అవుట్ చూడండి: జీజెడ్34 రెక్టిఫయర్‌లో క్యాథోడ్ లోపలే 8వ పిన్నులో హీటరుతో కలిసి ఉంటుంది, ఈసీసీ83లో 9వ పిన్ను హీటర్ మధ్య కొస. ఇలాంటివి షార్టులా కనబడడం సహజం. పెన్సిల్ రబ్బరు వైపుతో తడితే మిణుకుమిణుకుమన్నది మాత్రం నిజం షార్టే, లోపల పూత పెచ్చు ఊడి తిరుగుతోంది.

రీడింగు బాగానే ఉంది గానీ వాల్వు వయసు తెలియాలంటే హీటరును 6.3 నుంచి 5.7కు తగ్గించి రెండు నిమిషాలు ఆగండి. ప్లేట్ కరెంటు పది శాతం లోపు పడితే ఎమిషన్ నిల్వ ఉంది. సగానికి పడిపోతే అది ఇంకో కొద్ది నెలలే వచ్చే వాల్వు.

గ్రిడ్ స్టాపర్లు (2వ పిన్ను మీద పెట్టమన్న 1 కె లాంటి రెసిస్టర్లు) వేశాక నాలుగో వాల్వు మైనస్ 7.3 దగ్గర ఎంత చూపిస్తోందో, స్క్రీన్ కరెంటు ఎంతో, మూడో వాల్వుకు 1 మెగ్‌తో పది నిమిషాల తర్వాత వచ్చిన బయాస్ తేడా, మైనస్ 25కు లాగినప్పుడు అది ఎన్ని సెకన్లలో సున్నాకు దిగిందో ఇక్కడే రాయండి. సాకెట్ బేకలైటా సిరామికా, గ్రిడ్ వైరు పొడవు ఎంత అన్నవి కూడా. ఇవి తెలిస్తే మిగతాది చెప్పొచ్చు.